ఖర్చు రాయని మెదడు వ్యాసం గురించి

అమ్మాయ్,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. మొదటి పేజీలోనే "మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడు" అని చూసి ఫోన్ పక్కన పడేద్దామనుకున్నా. పడెయ్యలేదు, ఎందుకంటే మధ్యలో మీ మావయ్య గురించి నాలుగు లైన్లు రాశావు, ఆయన కాలువ మీద నీళ్ళు వదిలే లస్కరని, రెండో పంట దాళ్వాలో నీళ్ళు తక్కువైన ఏడాది వంతులు పెట్టి తూములు తిప్పుతుంటే రైతులు అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని గట్టు మీదకొచ్చి గొడవపడతారని. అది బాగుంది. ఆ వెంటనే "ఇక అసలు విషయానికొద్దాం" అని, మెదడు ఓ సూపర్ కంప్యూటర్ అని మొదలెట్టావు చూడు, అక్కడ కోపమొచ్చింది నాకు. అసలు విషయం మీ మావయ్య దగ్గరే ఉంది కదమ్మా, వదిలేసి ఎక్కడికి పోయావు?

మెదడు గురించి ఎవరు రాసినా నేను ముందు చూసేది ఒకటే, ఖర్చు రాశారా లేదా అని. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో 20 శాతం దాకా తినేస్తుంది. అదీ మొత్తం కలిపితే 20 వాట్ల దగ్గరే. సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే కబుర్లు మోసే మెదడు కణాలు, దాంతోనే సరిపెట్టుకోవాలి. 2001లో అట్‌వెల్, లాఫ్లిన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, న్యూరాన్ల ఒళ్ళు ఎక్కువగా ఉండే గ్రే మ్యాటర్‌లో ఆ శక్తిలో ఎక్కువ భాగం సిగ్నళ్ళకే పోతుందని. 2003లో పీటర్ లెన్నీ అనే శాస్త్రవేత్త ఇంకో లెక్క వేశాడు, ఒక్కో స్పైక్‌కి, అంటే న్యూరాన్ పంపే ఒక్కో విద్యుత్ సిగ్నల్‌కి అయ్యే ఖర్చు చూస్తే మెదడు పైపొర కార్టెక్స్‌లో ఒకేసారి గట్టిగా పనిచెయ్యగలిగే న్యూరాన్లు బహుశా నూటికి ఒకటి కూడా ఉండవని. అంటే మిగతావి ఖాళీగా పడున్నాయని కాదు, అన్నీ వాడకంలోవే, అన్నిటికీ ఒకేసారి నీళ్ళివ్వడం కుదరదు, అంతే. ఆ పది శాతం కథ కొట్టేసి అక్కడ వంతుల సంగతి పెట్టు.

నేను కొత్తలో ఈ 2, 20 అంకెలే పెట్టి ఓ ఆదివారం పేజీకి వ్యాసం పంపాను. మా ఊరి నుంచి బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, లైబ్రరీలో ఫిజియాలజీ పుస్తకాలు వెతికి, చేత్తో నోట్సు రాసుకుని రాసింది. ఎడిటర్ గారు అంకెలన్నీ పీకేసి "మెదడు మహాద్భుతం" అని హెడ్డింగ్ పెట్టి వేశారు. అడిగితే అంకెలుంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడన్నారు. ఎకరాకి ఎన్ని బస్తాలు, కాలువలో ఎన్ని క్యూసెక్కులు అని రోజంతా లెక్కలేసుకునే మనుషులకి అంకెలు అర్థం కావా? ఆ మంట నాకింకా చల్లారలేదు. ఇప్పుడు రీల్స్ వాళ్ళదీ అదే వరస, వారంలో మీ బ్రెయిన్ రీవైర్ చేసేస్తాం అంటారు, వైరుకి ఎంతవుతుందో ఒక్కడూ చెప్పడు.

అది నువ్వు చెప్పు. న్యూరాన్ నుంచి సిగ్నల్ మోసుకెళ్ళే తీగ ఆక్సాన్. అది పొడుగాటిదైతే చోటు కావాలి, పైన మైలిన్ అనే కొవ్వు పూత కావాలి, పోషణ కావాలి. చోటు, కాలం, పదార్థం మూడూ పొదుపు చేసేలా న్యూరాన్లు అమరాయని వాటి మీద పరిశోధన చేసిన కహాల్ వందేళ్ళ కిందటే రాశాడు. అందుకే ఎక్కువ లింకులు దగ్గరదగ్గరవాటి మధ్యే ఉంటాయి. కానీ అన్నీ దగ్గరవే అయితే ఈ చివర కబురు ఆ చివరికి చేరేసరికి ఎన్నో చేతులు మారాలి, ఆలస్యమౌతుంది, పాడౌతుంది, అందుకని మెదడు కొన్ని దూరపు లింకులు ఖరీదైనా పెట్టుకుంటుంది. 302 న్యూరాన్లుండే సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు నెట్‌వర్క్‌లో ఈ అమరికని వాట్స్, స్ట్రోగాట్జ్ 1998లో చూపించారు. మనిషి మెదడులో పెద్ద హబ్‌లు, అంటే చాలా లింకులు కలిసే కూడళ్ళు, తమలో తాము ఇంకా గట్టిగా అల్లుకుని ఉంటాయని 2011లో వాన్ డెన్ హ్యూవెల్, స్పోర్న్స్ చూపించి రిచ్ క్లబ్ అన్నారు. చవగ్గా కట్టడమే లక్ష్యమైతే ఇవన్నీ దండగ, అయినా ఆ ఖర్చు ఎందుకు పెడుతోందో నీ వ్యాసంలో ఒక్క లైనూ లేదు.

కాలువ పోలికని మాత్రం మరీ దూరం లాగకు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తైనప్పటి నుంచీ ధవళేశ్వరం నీళ్ళు పైనుంచి కిందకే వస్తాయి, ఏ వంతు ఎప్పుడో పైవాళ్ళు చెబితే మీ మావయ్య తూము ఎత్తుతారు. మెదడులో సిగ్నళ్ళు వెనక్కీ నడుస్తాయి, పైగా మొత్తం మ్యాప్ ఎవరి దగ్గరా ఉండదు. అన్నిటికన్నా దగ్గర దారి తెలియాలంటే నెట్‌వర్క్ అంతా తెలియాలి, ఏ న్యూరాన్‌కి అంత తెలుస్తుంది? 2018లో సెగ్విన్ బృందం వేరే పద్ధతి పరీక్షించింది, గమ్యానికి దగ్గరగా ఉన్న పొరుగువాడికి అందిస్తూ పోవడం. ఎలుక, కోతి, మనిషి మెదడు లింకుల మ్యాపుల మీద అది దాదాపు దగ్గర దారంత బాగా పనిచేసింది. అసలు మెదడు అలాగే చేస్తోందా అన్నది ఇంకా తేలలేదు, తేలలేదనే రాయి.

పెన్ నేమ్, ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత. హబ్‌ల పేరాలో అల్జీమర్స్ తప్పకుండా పెట్టు, ఆ జబ్బులో మెదడులో పోగుపడే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ఎక్కువగా పేరుకునే చోట్లలో కార్టెక్స్ హబ్‌లు చాలా ఉన్నాయి, కారణం మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. మావయ్యని కూర్చోబెట్టి వంతుల లెక్క వివరంగా అడిగి, ఆ నాలుగు లైన్లని రెండు పేజీలు చేసి మళ్ళీ పంపు.