సొల్యూషన్ ట్యూబు అమ్మాలంటే వయసు చూడాలా? మా కొట్టు సంగతి చెప్తా

"పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ లాంటివి 18 ఏళ్ల లోపు పిల్లలకి అమ్మకూడదని రూలు పెడితే జనానికి నష్టమేంటి, మంచిదేగా?" అని ఒకరు అడిగారు. ట్యూబుకి ప్యాచ్ అంటించే ఆ జిగురుని మత్తు కోసం పీల్చే పిల్లలున్నారు, అందుకే ఈ రూలు మాట. మంచిదే, కౌంటర్లో కూర్చునేది మీరు కానంతవరకు. విశాఖ కంచరపాలెంలో మాది సైకిల్ సామాన్ల కొట్టు, నాన్న తర్వాత నేనే చూస్తున్నా.

2012లో కేంద్రం రాతలో తప్పుల మీద పూసే బాటిల్ వైట్‌నర్, దాని థిన్నర్ రిటైల్‌గా అమ్మకూడదని ఆర్డర్ ఇచ్చింది, పెన్ టైపువి మాత్రం ఉంచింది. ఆ ఊపులోనే పోలీస్ స్టేషన్ నుంచి ఒకాయన వచ్చి, సొల్యూషన్ ట్యూబులు కూడా పిల్లలకి ఇవ్వొద్దు, ఏదైనా అయితే కొట్టు మూయిస్తాం అన్నాడు. కాగితం గీగితం ఏమీ లేదు, నోటిమాటే. పోతూ పోతూ వాళ్లబ్బాయి సైకిల్‌కి ఓ బెల్లు కూడా పట్టుకుపోయాడు, డబ్బులు ఇప్పటికీ రాలేదు లెండి. మా నాన్న అసలే భయస్తుడు, అట్టముక్క మీద "18 లోపు వారికి సొల్యూషన్ ఇవ్వబడదు" అని స్కెచ్ పెన్నుతో రాసి తగిలించేశాడు.

ఓ ఆదివారం నేను కూర్చున్నా, అప్పుడు డిగ్రీ చదువుతున్నా. పదమూడేళ్లుంటాయేమో, ఓ గుంటడు వచ్చాడు, మోచేతుల దాకా గ్రీజు. "అన్నా, రెండు సొల్యూషన్, ఉప్పు కాగితం ఒకటి, వాల్ ట్యూబ్ ఒక మూర" అన్నాడు. నేను అట్టముక్క చూపించా. "మా మావయ్య పంపాడన్నా, కస్టమరు నిలబడున్నాడు" అంటాడు, నేను కుదరదంటా. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతిలో నోటు నలిపేసుకుంటూ ఆ ఎండలో ఊర్వశి జంక్షన్ వైపు పరిగెత్తాడు. కాసేపటికి వాళ్ల మావయ్య, పంక్చర్ మేస్త్రి, పని వదిలేసి తనే వచ్చాడు. "ఏటి బాబూ, నా మేనల్లుడు నీకు ఎలగ కనబడతన్నాడు?" అని రోడ్డంతా వినబడేలా దులిపేశాడు. ఆ వయసు పిల్లాడిని పనిలో పెట్టుకోవడం తప్పే, అది వేరే గొడవ.

ఆ గొడవలోనే ఇన్‌షర్ట్ చేసుకున్న మీసాలాయన ఒకడు వచ్చి ఆరు ట్యూబులు అడిగాడు. సొల్యూషన్ ఒక్కటే, ఇంకేమీ వద్దన్నాడు. మీసం ఉంది కదా, ఇచ్చేశా. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని బయటికి లాగి చూపించాడు, సందు చివర రైల్వే గోడ దగ్గర నలుగురు పిల్లలు ఆయన కోసమే నిలబడున్నారు, ట్యూబుకి పది రూపాయలు పైన వేసుకుని వాళ్లకి ఇస్తున్నాడు. "సూసినావా, నీ అట్టముక్క ఎవుడికి పని సేస్తందో" అన్నాడు మేస్త్రి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అంచేత నష్టం ఎవరికి అంటే పనికోసం కొనేవాడికి, అమ్మేవాడికి. పీల్చేవాడికి పది రూపాయలు పెరిగాయి అంతే, ఆ పది కోసం ఇంకో చెడ్డపని చేస్తాడు. నిజంగా పంక్చర్ వేసేవాడు ఉత్త సొల్యూషన్ అడగడు, ఉప్పు కాగితమో ప్యాచో కూడా అడుగుతాడు. అది చూస్తే చాలు, ఆధార్ కార్డు ఎందుకు? కొట్టువాడి కళ్ల మీద నమ్మకం లేనోళ్లే వయసు రూలు అంటారు.

ఇది చిన్న విషయమని మాత్రం నేననను. ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే 2019లో వచ్చింది, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మంది ఇలా పీలుస్తున్నారని, పెద్దల్లో 0.58 శాతమేనని తేలింది. మందు, గంజాయి అన్నిట్లో పెద్దవాళ్లే ముందుంటారు, పిల్లలు ఎక్కువ ఉన్నది ఇదొక్కదాన్లోనే. చవక, చేతికందుతుంది, ఆకలి తెలీదు. జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్‌లో పిల్లలకి మందు, డ్రగ్స్, పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది, పంక్చర్ సొల్యూషన్ అనే మాట మాత్రం అందులో లేదు. బ్రిటన్‌లో 1999 నుంచి లైటర్ గ్యాస్ రీఫిల్ 18 లోపు వాళ్లకి అమ్మరంట, అక్కడ చెల్లుతుందేమో, ఇక్కడ ప్లాట్‌ఫాం మీద పడుకునే పిల్లాడిని ఏ కార్డు అడుగుతాం?

మా ఊళ్లో ఇంకో తమాషా. 2020 మే 7 తెల్లారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ కెమికల్ ఆవిరి బయటికొచ్చి 12 మంది పోయారు, అదీ పీలిస్తే ప్రమాదమే. అక్కడ జనం పోయాకే కేసులు, అరెస్టులు, మా పది రూపాయల ట్యూబు దగ్గరికి మాత్రం ముందే లాఠీ వస్తుంది.

లాఠీ అంటే గుర్తొచ్చింది, మా వీధి కుర్రాళ్లకి ఇది చెప్పి చెప్పి అలిసిపోయా. పీల్చిన మత్తులో ఉన్నవాడిని కేకలేసి తరమకండి. అలా ఒక్కసారిగా భయపడినా, పరిగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు, మొదటిసారి పీల్చినవాడికైనా సరే. నెమ్మదిగా మాట్లాడి, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి, స్పృహ తప్పితే 108కి కొట్టండి.

ఆ గ్రీజు చేతుల గుంటడు ఇప్పుడు గాజువాకలో లారీ టైర్ల పని చేస్తున్నాడు, ఇద్దరు పనోళ్లున్నారు, సొల్యూషన్ ట్యూబులు కాదు డబ్బాలే కొంటాడు. మొన్న పెళ్లిలో కనిపిస్తే హోల్‌సేల్ రేటు వేస్తా మన దగ్గరే తీసుకోరా అన్నా. "వద్దన్నా, మీ కొట్లో మళ్లీ వయసు అడుగుతారు" అని నవ్వేసి భోజనాల వైపు వెళ్లిపోయాడు.