వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ కోర్సు మన సిరొంచ వైపు నర్సుకు పనికొస్తుందా?

చెల్లీ, నువ్వు అడిగింది ఇదీ: మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సువి, లోపలి ఊళ్లకు క్యాంపులకు వెళ్తుంటావు, డబ్బు పోగేసి, ఆసుపత్రికి దూరంగా అడవుల్లో కొండల్లో చేసే అత్యవసర చికిత్స నేర్పే ఈ కోర్సు చేస్తే ఉద్యోగంలో కలిసొస్తుందా, నర్సింగ్ కౌన్సిల్ లెక్కేసే శిక్షణ గంటల్లో కలుస్తుందా అని. ఉద్యోగంలో కలిసిరాదు. డ్యూటీలో మాత్రం బాగా అక్కరకొస్తుంది.

నేనూ ఈ జిల్లాలోనే నర్సును. ఉత్తరాఖండ్ వెళ్లి చేసొచ్చాను. సర్టిఫికెట్ ఆఫీసులో ఇస్తే "ట్రెక్కింగ్‌కు వెళ్లొచ్చారా?" అని అడిగి ఫైల్లో పెట్టేశారు. ఇంక్రిమెంటు లేదు, గంటలూ కలవలేదు. కౌన్సిల్ ముందే గుర్తించిన కార్యక్రమమైతేనే లెక్కలోకి వస్తుంది. డాక్టర్లదీ ఇదే గోల. ఐదేళ్లలో 30 గంటల సీఎంఈ (చదువయ్యాక కూడా కొనసాగించాల్సిన వైద్య శిక్షణ) ఉండాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉన్నా, విదేశీ సర్టిఫికెట్ చూపించగానే గంటలు వేసేయరు.

ఇక కోర్సుల సంగతి. వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ రెండు రోజులు, దాదాపు 16 గంటలు. ఫస్ట్ రెస్పాండర్ 70 నుంచి 80 గంటలు. సంస్థను బట్టి రెండు మూడేళ్లకు గడువు తీరుతుంది, మళ్లీ రీసర్టిఫికేషన్, మళ్లీ ఫీజు, మళ్లీ రైలు టికెట్. ఎఫ్ఏడబ్ల్యూఎం (FAWM) అన్నది అమెరికాలోని వైల్డర్‌నెస్ మెడికల్ సొసైటీ ఇచ్చే ఫెలోషిప్, క్రెడిట్లు కూడబెట్టుకుంటే ఇస్తారు. నర్సులకూ అవకాశం ఉంది. పేరు పక్కన రాసుకోవచ్చు, కాకపోతే డాలర్లు కట్టాలి. మన తాలూకాలో ఆ నాలుగు అక్షరాలు చూసి గుర్తుపట్టేవాళ్లెవరో నువ్వే చెప్పు.

అయినా వెళ్లమనే అంటాను, ఎందుకో విను. సరైన ఆసుపత్రి గంటకు మించిన దూరంలో ఉంటే దాన్ని వైల్డర్‌నెస్ కింద లెక్కేసుకోమంటారు ఆ కోర్సులో. మన జిల్లా ఆసుపత్రి సిరొంచకు దాదాపు 200 కిలోమీటర్లు. వాగులు పొంగాయంటే ఇక చెప్పేదేముంది. కాలేజీలో మనకు నేర్పింది డాక్టర్ వచ్చేదాకా ఏం చేయాలో. డాక్టర్ దగ్గరికి చేరడానికే నాలుగైదు గంటలు పట్టేటప్పుడు ఏం చేయాలో ఈ కోర్సు నేర్పుతుంది. పేషెంట్‌ను మళ్లీ మళ్లీ చూడు, ప్రతిసారీ టైం వేసి రాయి, మార్పును బట్టి నిర్ణయం తీసుకో. ఉన్నది ఇంతే, కానీ చేతికి అలవాటు పడేదాకా వదలరు.

ఒక వానాకాలం ఒకామెను నులక మంచం మీద వాగు దాటించి తెచ్చారు. (స్ట్రెచర్ లేకపోతే తాళ్లతో ఎలా అల్లాలో కోర్సులో ఒక పూటంతా చెప్పారు. మనవాళ్లకు ఆ పాఠం అక్కర్లేదు.) తెల్లవారుజాము నుంచి కడుపునొప్పి, గ్యాస్ అనుకున్నారు. కాటు గుర్తు లేదు, వాపు లేదు. రాత్రి నేల మీద పడుకుంది. పైకి చూడమంటే రెప్పలు లేవడం లేదు. ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నాను. మొదట ఇరవై దాకా వచ్చింది, పావుగంటకు పన్నెండు దగ్గరే ఆగిపోయింది. కట్లపాము కాటే. నేను టైం వేసి రాసిన కాగితం చూశాక డాక్టర్ ఇంకేమీ అడగలేదు, ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టి, ఊపిరి ఆగితే చేత్తో గాలి అందించే అంబూ బ్యాగ్ దగ్గర పెట్టుకున్నారు. ఆమె బతికింది.

కట్లపాము గురించి మాత్రం ఆ కోర్సులో నాకెవరూ చెప్పలేదు. అక్కడి పాఠాలన్నీ అమెరికా పాముల మీద, మంచుకు వేళ్లు చచ్చుబడటం మీద, ఎత్తుకు వెళ్తే వచ్చే తలనొప్పి మీద. రక్తపింజర కాటుకు చేసే 20 నిమిషాల రక్తపరీక్ష ఇక్కడే నేర్చుకున్నాను. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా ఉంచి, 20 నిమిషాలకు ఒంచి రక్తం గడ్డకట్టిందో లేదో చూడాలి. ట్యూబును సబ్బునీళ్లతో కడిగి ఉంటే ఫలితాన్ని నమ్మకూడదు. కట్లపాము విషంలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, అది చూసి పేషెంట్‌ను ఇంటికి పంపేయొద్దు. తేలుకాటుకు ప్రజోసిన్ అనే మందు వాడకం కూడా మహారాష్ట్రలోనే, మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చేసి చూపించారు. మన అడవికి కావలసిన వైద్యం చాలావరకు ఇక్కడిదే.

ఇంకో జాగ్రత్త. జారిన భుజాన్ని ఎక్కించడం లాంటివి కోర్సులో చేయిస్తారు. అక్కడ వాటికి వెనక ఒక డాక్టర్ అనుమతి ఉంటుంది. ఇక్కడ ఆ సర్టిఫికెట్ నీకు కొత్త అధికారమేమీ ఇవ్వదు, మెడికల్ ఆఫీసర్ రాతపూర్వకంగా చెప్పనిది చేయకు.

నన్నడిగితే ముందు పాముకాటు ట్రైనింగ్ అడుగు. 2024లో కేంద్రం పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, దాన్ని చూపించి పట్టుబట్టొచ్చు. తర్వాత రెండు రోజుల కోర్సు చెయ్. అది నచ్చితేనే పెద్దది. డబ్బు కట్టేముందు వాళ్లను మూడు అడుగు: మన నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, గడువు ఎన్నేళ్లు, రీసర్టిఫికేషన్ ఇండియాలోనే చేస్తారా. జవాబు ఫోన్లో కాదు, మెయిల్‌లో తీసుకో.