శ్రీకాకుళంరం ఎక్కడి ఊరు?

కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రాజాంలో మాకు డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖల చిరునామాలు దిద్దుకోవడానికి పైథాన్‌లో నేనే ఒక చిన్న ఎడిటర్ రాసుకున్నాను. పాత ఫైలులో ‘శ్రీకాకుళం’ అన్న చోటల్లా ‘విజయనగరం’ అని ఒక్కసారిగా మార్చాక, పొందూరు వాళ్ల చిరునామా కూడా మారిపోయిందని గమనించి అన్‌డూ నొక్కాను. ఒక్క నొక్కుకే అన్నీ వెనక్కి రావాలని ఆ మార్పులన్నిటినీ ఒకే గ్రూపులో దాచే ఏర్పాటు చేశాను. మొదట ఉన్న పొందూరు చిరునామా సరిగానే వచ్చింది. రెండోది ‘రాజాంశ్రీకాకుళంరం జిల్లా’ అనీ, మూడోదైన వంగర చిరునామా ‘వంశ్రీకాకుళంనగరం జిల్లా’ అనీ వచ్చాయి. మార్పులను విడివిడిగా అన్‌డూ చేసినప్పుడు ఇలా ఎన్నడూ జరగలేదు. లోపం ఎక్కడ ఉంది?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మీ ఎడిటర్ మార్పులను సరిగానే గుర్తు పెట్టుకుంది. వాటిని వెనక్కి తిప్పే వరుసే తలకిందులైంది. ‘శ్రీకాకుళం’ అన్న మాట కంప్యూటర్ లెక్కలో పది సంకేతాలు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘శ్రీ’లోనే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగున్నాయి. ‘విజయనగరం’ ఎనిమిది సంకేతాలే. అంటే ఒక్కో మార్పుతో ఆ తరువాతి పాఠమంతా రెండేసి స్థానాలు ముందుకు జరుగుతుంది. రాజాం చిరునామాలో జిల్లా పేరు మొదట 300వ స్థానంలో ఉందనుకుందాం. దానికి ముందున్న పొందూరు చిరునామా అప్పటికే రెండు సంకేతాలు కుదించుకుపోయింది కాబట్టి, రాజాం మార్పు 298వ స్థానంలో జరిగినట్లు నమోదైంది.

అన్‌డూ చేసేటప్పుడు మీ ప్రోగ్రాం గ్రూపులోని మార్పులను నమోదైన వరుసలోనే తీసుకున్నట్లుంది. పొందూరు చిరునామా ముందుగా పాత రూపానికి రాగానే రాజాం దగ్గరి జిల్లా పేరు మళ్లీ 300కు జరిగింది, పద్దులో మాత్రం 298 అనే ఉంది. ప్రోగ్రాం అక్కడి నుంచి ఎనిమిది సంకేతాలు చెరిపింది: ఒక కామా, ఒక ఖాళీ, ఆపైన ‘విజయనగ’. ఆ చోట ‘శ్రీకాకుళం’ పెట్టింది, చెరపడానికి అందని ‘రం’ తోకలా మిగిలిపోయింది. మూడో చిరునామాకు వచ్చేసరికి తేడా నాలుగైంది కనుక వంగరలోని ‘గర’ కూడా పోయింది. మీరు పంపిన మూడు వరుసల్లోనే లోపం ఇంత స్పష్టంగా ఉండబట్టి మీ కోడ్ చూడకుండానే చెప్పగలుగుతున్నాను.

విడివిడి అన్‌డూలో తప్పు రాకపోవడానికి కారణం, మార్పులను ఒకదానిపై ఒకటి పేర్చి దాచే స్టాక్ అనే జాబితా సహజంగానే చివర పెట్టినదాన్ని ముందు తీయడం. గ్రూపు లోపల కూడా అదే పద్ధతి పాటించాలి: అన్‌డూకు జాబితాను reversed అనే ఫంక్షన్‌తో తిరగేసి చివరి మార్పు నుంచి మొదటిదాకా నడపండి, రీడూకు, అంటే అన్‌డూ చేసినదాన్ని మళ్లీ చేయడానికి, మాత్రం నమోదైన వరుసనే ఉంచండి. ఆ తిప్పే పని జరుగుతున్నంతసేపు కొత్త మార్పుల నమోదును ఆపి ఉంచాలి, లేకపోతే అన్‌డూ కూడా ఒక మార్పుగా స్టాక్‌లోకి ఎక్కుతుంది.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల జరిగే నష్టం ఇంతకన్నా పెద్దది. గ్రూపు తెరిచాక మధ్యలో ఏదైనా ఎర్రర్ వచ్చి ఫంక్షన్ అర్ధాంతరంగా ఆగిపోతే, గ్రూపు మూసే వరుస అసలు నడవదు. పైకి ఏమీ తెలియదు. ఆ తరువాత గంటసేపు మీరు టైపు చేసినదంతా ఆ తెరిచి ఉన్న గ్రూపులోకే చేరిపోయి, ఎప్పుడో ఒకసారి నొక్కిన అన్‌డూకు మొత్తం మాయమవుతుంది. అందుకే మూసే పనిని, ఎర్రర్ వచ్చినా రాకపోయినా తప్పక నడిచే finally కింద పెట్టాలి. ఎర్రర్ వస్తే అప్పటిదాకా చేసిన సగం మార్పులను వెనక్కి తిప్పి, గ్రూపునే పారేయడం మేలని నా అభిప్రాయం. సగం విజయనగరంలో, సగం శ్రీకాకుళంలో ఉన్న ఫైలు ఎవరికి పనికొస్తుంది? ఒక గ్రూపు లోపల మరో గ్రూపు తెరుచుకునే అవకాశం ఉంటే ఎన్ని గ్రూపులు తెరిచి ఉన్నాయో ఒక అంకెతో లెక్కపెట్టి, అది సున్నాకు వచ్చినప్పుడే స్టాక్‌లో పెట్టండి. ఖాళీ గ్రూపును మాత్రం పెట్టవద్దు, దానివల్ల రీడూ జాబితా అకారణంగా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక చిరునామాల సంగతి. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చాయి, ఆమదాలవలస మాత్రం శ్రీకాకుళంలోనే ఉంది. మండలం పేరు చూసి మార్చేలా రాసినా, ఈ రెండు ఆమదాలవలసల దగ్గర మీ ఎడిటర్ పొరపడకుండా చూసుకోండి.

ప్రశ్న: విమ్ ఎడిటర్‌లో అరగంట సేపు వ్యాసం టైపు చేసి ఎస్కేప్ నొక్కాను. అన్‌డూ కోసం ఒక్క u నొక్కితే అంతా పోయింది. ఇది కూడా మూయని గ్రూపేనా?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: కాదమ్మా, అది విమ్ పద్ధతే. టైపు చేసే స్థితి అయిన ఇన్సర్ట్‌లోకి వెళ్లినప్పటి నుంచి ఎస్కేప్ నొక్కేదాకా టైపు చేసినదాన్ని అది ఒకే మార్పుగా చూస్తుంది, బాణం మీటలతో కర్సర్ కదిపితే మాత్రం అక్కడ తెగుతుంది. ఎమాక్స్ అనే మరో ఎడిటర్ అయితే వరుసగా కొట్టిన అక్షరాలను ఇరవై దాకానే ఒక గ్రూపులో కలుపుతుంది. పోయినది వెంటనే కావాలంటే కంట్రోల్ R నొక్కండి. ఇకపై పేరా ముగిసినప్పుడల్లా ఇన్సర్ట్‌లోనే కంట్రోల్ G, తరువాత u నొక్కితే అక్కడికి ఒక గ్రూపు ముగుస్తుంది. కంగారులో u తరువాత కొత్తగా ఏదైనా టైపు చేసి ఉంటే కంట్రోల్ R పనిచేయదు. అయినా 2006లో వచ్చిన 7.0 నుంచి విమ్ పాత కొమ్మను, అంటే అన్‌డూతో వెనక్కి తిప్పిన మార్పులను, కూడా దాచి ఉంచుతుంది కాబట్టి, ఎడిటర్ మూయకుండా, ఎస్కేప్ నొక్కి, g తరువాత మైనస్ గుర్తును మీ వ్యాసం కనిపించేదాకా మళ్లీ మళ్లీ నొక్కండి.