ఆట ఓడిన రాత్రి ఇంట్లో ఎవరు మాట్లాడాలి?

ప్రశ్న (ఉత్తరం సంక్షిప్తంగా): మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్లుగా అమెరికాలో సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటున్నాం. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక మిత్రుడు అలవాటు చేసిన బేస్‌బాల్ ఇప్పుడు నా ప్రాణమైపోయింది. సియాటిల్ మెరైనర్స్ నా జట్టు. పన్నెండేళ్ల మా అబ్బాయికి కూడా ఆ పిచ్చి నేనే అంటించాను. జట్టు ఓడిన రాత్రి నాకు అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, చిన్న విషయానికి కూడా కసురుకుంటాను. 2025 అక్టోబరు 20న, సరిగ్గా దీపావళి రోజున, టొరంటోలో జరిగిన సెమీఫైనల్ సిరీస్ ఏడో గేమ్‌లో మావాళ్లు ఓడిపోయినప్పుడు మా అబ్బాయి వెక్కివెక్కి ఏడిస్తే, ‘ఆటే కదా, ఈ ఏడుపేమిటి, లే’ అని గట్టిగా అరిచాను. ఆ తర్వాత కొన్నాళ్లపాటు నేనే మనిషిలా లేను. ఈసారి సీజన్‌కు టీవీ చందా కట్టవద్దని నా భార్య పట్టుబడుతోంది. ఈ జట్టును వదిలేయడమే మంచిదా? వీళ్లు ఎప్పటికైనా గెలుస్తారా అని అబ్బాయి అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: ఈ ఉత్తరం చదివి నవ్వుకుంటారేమోనని మీరే చివర్లో సందేహించారు. నాకు నవ్వు రాలేదు. మీరు అభిమానించే జట్టు సంగతి తెలిసినవారెవరికీ రాదు. అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగ్‌లోని 30 జట్లలో వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ దాకా ఒక్కసారైనా చేరని జట్టు ఇదొక్కటే. 1977లో పుట్టిన ఈ జట్టు 2001లో 116 గేమ్‌లు గెలిచి, 1906 నాటి షికాగో కబ్స్ రికార్డును సమం చేసి కూడా, చివరికి న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్, అంటే సీజన్ ముగిశాక టైటిల్ కోసం పైజట్లు ఆడే పోటీల ముఖమే చూడలేదు. ఆ ఏడాది ఎలాగో చేరితే, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆట హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ పాటు సాగిన గేమ్‌లో ఒక్క పరుగు తేడాతో ఓడి సీజన్ ముగించుకుంది. 2023లోనూ, 2024లోనూ ఒక్కొక్క గెలుపు తక్కువై గుమ్మం బయటే ఆగిపోయింది. ఇన్నేళ్లు ఇలాంటి జట్టును పట్టుకుని ఉన్న మనిషికి బాధ కలగడం జబ్బు కాదు. బాధ కలగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక ఆ దీపావళి రాత్రి. ముందుగా నాలుగు గేమ్‌లు గెలిచినవారు వరల్డ్ సిరీస్‌కు వెళ్లే ఆ సిరీస్‌లో మీ జట్టు మొదట రెండు గేమ్‌లు గెలిచి ముందుంది, తర్వాత 3-2తో ముందుంది. చివరి గేమ్‌లో కూడా ఏడో ఇన్నింగ్స్ వరకు 3-1 ఆధిక్యం. ఇంకా ఎనిమిది ఔట్లు తీస్తే చాలు, దాదాపు యాభై ఏళ్ల నిరీక్షణ ముగుస్తుందనగా, ఇద్దరు బేస్‌ల మీద ఉన్న సమయంలో, అప్పుడే బరిలోకి వచ్చిన మీ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) వేసిన బంతిని టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ ప్రేక్షకుల్లోకి కొట్టి హోమ్ రన్ చేశాడు. మూడు పరుగులు, 4-3, అంతే. మీ ఉత్తరంలో ఈ ఇన్నింగ్స్‌కే దాదాపు ఒక పేజీ కేటాయించారు. పిచర్‌ను ఎందుకు మార్చారు, ఎవరిని దింపి ఉండాల్సింది, అన్నీ రాశారు. కానీ ఆ సాయంత్రం మీ శ్రీమతి ఏం చేస్తూ ఉన్నారన్న మాట అందులో ఒక్కటీ లేదు. గేమ్ మీ ఊళ్లో సాయంత్రం ఐదు దాటాక మొదలైంది. చీకటి పడేది ఆరు దాటాక. అంటే దీపాలు పెట్టే వేళకు ఆట సగంలో ఉంది. లక్ష్మీపూజ ఆమె ఒక్కరే చేసుకున్నారా, ప్రమిదల్లో నూనె పోయడానికి ఎవరైనా సాయం చేశారా, ఊరి నుంచి వచ్చిన ఫోన్లకు ఎవరు జవాబు చెప్పారు? ఇవి మీకు గుర్తులేకపోతే, చందా వద్దన్న ఆమె మాట వెనుక ఏముందో సగం తెలిసినట్టే.

ముందు ఒక లెక్క చెబుతాను. 116 గేమ్‌లు గెలిచిన ఆ 2001 జట్టు కూడా 46 ఓడింది. 2025లో మీ జట్టు తన డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల ఒక విభాగం) మొదటి స్థానంలో నిలిచింది, మీ ఆటగాడు కాల్ రాలీ 60 హోమ్ రన్‌లు కొట్టాడు, అందరూ గొప్ప సీజన్ అన్నారు. ఆ గొప్ప సీజన్‌లోనే ప్లేఆఫ్స్‌ను పక్కన పెడితే 90 గెలుపులు, 72 ఓటములు. ఓడిన ప్రతి రాత్రీ మీకు అన్నం సయించలేదంటే, మార్చి చివర నుంచి సెప్టెంబరు చివర దాకా ఉన్న ఆరు నెలల్లో మీ ఇంట్లో 72 రాత్రులు మౌనవ్రతం నడిచిందన్నమాట. అది కూడా జట్టు బాగా ఆడిన ఏడాది! జట్టు గెలవడం మొదలుపెడితే ఇల్లు దానంతటదే చక్కబడుతుందన్న ఆశ మీకు ఎక్కడో ఉన్నట్టు ఉత్తరంలో కనిపించింది. ఈ అంకెలు ఆ ఆశకు చోటివ్వవు.

దీనికి ఒక కారణం మనం పెరిగిన తీరులో ఉందని నా అనుమానం. మనం ఆట చూడడం నేర్చుకున్నది క్రికెట్ దగ్గర. ప్రపంచ కప్ అంటే నాలుగేళ్లకు ఒకసారి, మహా అయితే పది పదకొండు మ్యాచ్‌లు. ప్రతి ఓటమీ కొంప మునిగినట్టే ఉంటుంది, నిజంగానే చాలాసార్లు మునుగుతుంది కూడా. ఆ గుండెతోనే మీరు 162 గేమ్‌ల సీజన్‌లోకి దిగారు. బేస్‌బాల్ అలా చూసే ఆట కాదు. మే నెలలో ఒక మంగళవారం నాటి ఓటమికి బుధవారం మళ్లీ గేమ్ ఉండడమే జవాబు. ఆ దేశంలో తాతల కాలం నుంచి ఆ ఆట చూస్తున్నవారు రేడియో పెట్టుకుని గరాజ్ సర్దుకుంటూనో, వాకిట్లో కూర్చునో వింటారు. ఓడితే పెదవి విరిచి రేడియో కట్టేసి పడుకుంటారు.

మీ జట్టు వ్యాఖ్యాత డేవ్ నీహాస్ పేరు మీరు వినే ఉంటారు, గొంతు వినే అవకాశం మాత్రం మీకు దక్కి ఉండకపోవచ్చు. 1977లో మొదటి గేమ్ నుంచి 2010లో మరణించేదాకా ఆ జట్టు కథను చెప్పింది ఆయనే. మొదటి పద్నాలుగేళ్లలో ఒక్క సీజన్‌లో కూడా గెలుపులు ఓటములను మించలేదు. మించింది 1991లో. మొదటిసారి ప్లేఆఫ్స్ 1995లో. వరల్డ్ సిరీస్ చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. అయినా ఆ ఊళ్లో ఆయనను ఓడిన మనిషిగా ఎవరూ తలచుకోరు. ఆరోజు ఆట ఆరోజు చెప్పడమే ఆయన పని. ఆ పనిలో ఆయనకు దొరికిన సంతోషం ఫలితం మీద ఆధారపడి ఉంటే రెండో ఏడాదికే మానేసి ఉండేవారు. మిమ్మల్ని నీహాస్‌లా మారమనడం లేదు. ఓడే జట్టును ప్రేమిస్తూ కూడా ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటూ బతకవచ్చు అనడానికి మీ ఊళ్లోనే ఇంత పెద్ద సాక్ష్యం ఉందని మాత్రమే చెబుతున్నాను.

మరో విషయం కాస్త కటువుగా ఉన్నా దాచకుండా చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్ మీద డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. తప్పక గెలుస్తుందనుకున్న స్థానిక జట్టు ఓడిన రోజుల్లో, ఇళ్లలో మగవారు భార్యల మీద, సహచరుల మీద చేయి చేసుకున్న ఘటనలు సుమారు పది శాతం పెరిగాయని అందులో తేలింది. హోరాహోరీగా ఉంటుందనుకున్న గేమ్ ఓడినప్పుడు అలాంటి పెరుగుదల కనబడలేదు. మీ ఇంట్లో అలాంటిది జరుగుతోందని నేను అనడం లేదు, మీరు రాసిన దాన్ని బట్టి మీది కసురుకునే కోపమే. కానీ మనిషిని కుదిపేది ఓటమికన్నా, చేతికి అందినట్టే అంది జారిపోయిన ఆశ అని ఆ పరిశోధన చెబుతోంది. ఎనిమిది ఔట్ల దూరంలో మీకు జరిగింది అదే. అలాంటి రాత్రి నోటి నుంచి ఏ మాట వస్తుందో మనకే తెలియదు కాబట్టి, అలాంటి రాత్రికి ముందే ఒక ఏర్పాటు ఉండాలి.

2023 నవంబరు 19 మీకు గుర్తుండే ఉంటుంది. అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఫైనల్ ఓడిన రాత్రి మన ఊళ్లలో వీధులకు వీధులే మూగబోయాయి. మరునాడు టీ కొట్టు దగ్గర, ఆఫీసు లిఫ్టులో, బస్సులో అందరూ అదే మాట్లాడుకున్నారు, తిట్టుకున్నారు, ఎవరో ఒక పాడు జోకు వేస్తే నవ్వుకున్నారు. అలా నలుగురి నోళ్లలో నలిగి ఆ బాధ తేలికైంది. టొరంటో ఓటమికి మీకు ఆ నలుగురు లేరు. గుంటూరులో అన్నయ్యకు ఫోన్ చేసి స్ప్రింగర్ గురించి చెబితే, ‘అదేం ఆట రా’ అంటారు. మీ శ్రీమతికి ఆట మీద ఆసక్తి లేదు. మీ బాధ పూర్తిగా అర్థమయ్యే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆయనకు పన్నెండేళ్లు. ఏడుస్తున్న ఆ ఒక్కరినే మీరు అరిచి నోరు మూయించారు.

మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఇదే. మీరు కోపాన్ని అందరి ముందూ పెడుతున్నారు, దుఃఖాన్ని మాత్రం లోపల దాచుకుంటున్నారు. ఇంట్లోవాళ్లకు కనిపించేది చిరాకు పడే నాన్న, కసురుకునే భర్త. నిజానికి లోపల కూర్చుని ఉన్నది బాబులాగే ఏడవాలని ఉండి ఏడవలేకపోయిన మనిషి. మగపిల్లలు ఏడవకూడదని మనకు చిన్నప్పుడు చెప్పినవారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు గాని, ఆ మాటను మీరు మీ అబ్బాయికి అప్పగించాల్సిన పని లేదు. పైగా ‘ఆటే కదా’ అన్న మీరే ఆ తర్వాత రోజుల తరబడి మాట పలుకు లేకుండా తిరగడం బాబు చూశాడు. ఆ వయసు పిల్లలు మన మాటకన్నా మన ముఖాన్నే నమ్ముతారు. బాధ పడవచ్చు, కానీ ఎవరికీ చెప్పకూడదు, అడిగినవాళ్ల మీద విరుచుకుపడాలి అన్నది తను నేర్చుకుని ఉంటాడు.

అందువల్ల మొదటి పని బాబుతో. పెద్ద సభ పెట్టవద్దు. కారులో ఎక్కడికైనా తీసుకువెళ్తున్నప్పుడు, ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేని చోట, ‘ఆ రోజు నీ మీద అరవడం నాదే తప్పు నాన్నా. నాకూ ఏడుపొచ్చింది, అది ఎలా చూపించాలో తెలియక నీ మీద చూపించాను’ అనండి. సమర్థనలు కలపవద్దు. బాబు ‘పర్వాలేదు’ అని మాట మార్చవచ్చు, మార్చనివ్వండి. విన్న మాట ఎక్కడికీ పోదు.

రెండోది మీ శ్రీమతితో, ఇది ఎక్కువ కష్టం. ఇప్పుడు ఒక్కో గేమ్ సగటున రెండు గంటల నలభై నిమిషాలు అనుకున్నా, 162 గేమ్‌లంటే 432 గంటలు. ఏటా పద్దెనిమిది పగళ్లూ రాత్రుళ్లూ. ఆమె అడ్డుచెబుతున్నది ఆట మీద పగతో కాకపోవచ్చు, ఆ గంటల్లో తనకు ఒక మనిషి తోడు లేకపోవడం మీద కావచ్చు. చందా కట్టాలా వద్దా అన్న వాదన మొదలుపెట్టకముందే, ఆ దీపావళి సాయంత్రం ఎలా గడిచిందో ఆమెను అడగండి, మధ్యలో అడ్డు రాకుండా పూర్తిగా వినండి. ఆ తర్వాత సీజన్ షెడ్యూల్ పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఎలాగూ తేదీలన్నీ ముందే తెలుస్తాయి. పెళ్లిరోజు, పుట్టినరోజులు, వినాయక చవితి, బాబు స్కూలు కార్యక్రమాలు ముందు గుర్తు పెట్టండి. మిగిలిన వాటిలో వారానికి రెండో మూడో టీవీ ముందు కూర్చుని చూడండి, మిగతావి గిన్నెలు కడుగుతూ రేడియోలో వినండి. ఇది శిక్షగా అనుకోవద్దు, రేడియోలో బేస్‌బాల్ వినడం ఆ ఆటలోని మంచి సుఖాల్లో ఒకటి. భోజనాల దగ్గర బల్ల కింద ఫోన్‌లో స్కోరు చూడడం మాత్రం పూర్తిగా మానాలి. అది ఎవరికీ కనబడదని మీరు అనుకుంటున్నారు, అందరికీ కనబడుతుంది.

ఓడిన రాత్రికి నియమం ఇది: గేమ్ ముగియగానే ఫోన్ వేరే గదిలో పెట్టి, చెప్పులు వేసుకుని బాబుతో కలిసి వీధి చివరిదాకా నడిచి రండి. ఆ నడకలో మేనేజర్‌ను, పిచర్లను, యజమానులను ఎంతైనా తిట్టుకోవచ్చు. యాజమాన్యం డబ్బు తీయదన్న మీ ఫిర్యాదు మీద నాకు అభిప్రాయం లేదు, అది ఆ నడకకు సరిపోయే విషయం. గుమ్మం దాటి లోపలికి వచ్చాక మాత్రం వేరే మాట. వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం గేమ్‌కు ముగ్గురూ స్టేడియానికి వెళ్లండి. మీ శ్రీమతికి ఆట అర్థం కావాలని పట్టుబట్టవద్దు, ఎండలో కూర్చుని పల్లీలు తింటూ మీ ఇద్దరి గోల చూస్తారు.

అడగక తప్పని ప్రశ్న ఒకటి ఉంది. ఈ గేమ్‌ల మీద మీరు పందెం కాస్తున్నారా? కాస్తుంటే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి, ముందు ఆ విషయం ఇంట్లో చెప్పి, జూదం అలవాటు మీద పనిచేసే కౌన్సెలర్‌ను కలవండి. అలాగే సీజన్ లేని నెలల్లో కూడా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం వారాల తరబడి ఉంటే, దానికి బేస్‌బాల్ కారణం కాకపోవచ్చు. మీ డాక్టరుకు చెప్పండి.

జట్టును వదిలేయమని నేను చెప్పను. వదిలేసినా మార్చి చివరికల్లా మీ చెయ్యి స్కోరు వైపే వెళ్తుంది, అప్పుడు అది దొంగతనంగా చూడాల్సిన పనవుతుంది. పైగా మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉన్న ముఖ్యమైన మాటల దారి ఇదే. రానున్న మూడు నాలుగేళ్లలో బాబు గది తలుపు మూసుకునే వయసుకు వస్తాడు; అప్పుడు కూడా తలుపు తట్టి ‘నిన్నటి గేమ్ చూశావా’ అని అడగగల తండ్రి అదృష్టవంతుడు.

ఇక వీళ్లు ఎప్పటికైనా గెలుస్తారా అని అడిగితే, నాకు తెలియదని చెప్పండి. గెలుస్తారని ఒట్టు వేయవద్దు, ఇంతేలే అని ఈసడించవద్దు. చెప్పి, ఆ ఏడో ఇన్నింగ్స్‌లో నువ్వయితే ఏ పిచర్‌ను దింపేవాడివని బాబునే అడగండి. మీరు పేజీ నిండా రాసిన అభిప్రాయానికి పూర్తిగా వ్యతిరేకమైన జవాబు వచ్చే అవకాశం ఉంది. అప్పుడు ఓపికగా వినండి.