హెచ్4 ఈఏడీ మీద హోమ్ లోన్ల పని: లైసెన్సు తర్వాత చూసుకోవచ్చా?

ప్రశ్న: విజయవాడలో బీకాం చదివి, అక్కడే ఒక బ్యాంకు హోమ్ లోన్ల సెక్షన్‌లో నాలుగేళ్లు చేశాను. ఇప్పుడు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటున్నాం. హెచ్4 ఈఏడీ, అంటే హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే పని అనుమతి, వచ్చింది. తెలిసిన బ్రోకర్ ఒకాయన "ముందు మనవాళ్ల అప్లికేషన్లు పట్టుకురండి, నా నంబరు మీద వేద్దాం, లైసెన్సు తర్వాత చూసుకోవచ్చు" అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఆ పద్ధతిలో అస్సలు వద్దమ్మా. ఇంటి లోన్‌కి అప్లికేషన్ తీసుకోవడం, రేటు మాట్లాడటం అక్కడ లైసెన్సు ఉన్నవాళ్లు చేయాల్సిన పని. ఇళ్ల మార్కెట్ కూలిన 2008లో ఈ పని చేసేవాళ్ల లైసెన్సుల కోసం సేఫ్ యాక్ట్ అనే చట్టం తెచ్చి, ఒక రాష్ట్రంలో మోసం చేసినవాడు పక్క రాష్ట్రంలో కొత్తగా మొదలుపెట్టకుండా ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ ఎన్‌ఎంఎల్‌ఎస్ (దేశమంతటికీ ఒకటే అయిన లైసెన్సుల రికార్డు) నంబరు ఇచ్చారు. మనిషి ఎక్కడికెళ్లినా ఆ నంబరే వెంట వస్తుంది. దాన్ని అరువిచ్చే మనిషి దగ్గర మీ కెరీర్ మొదలవడం నాకు ఇష్టం లేదు.

అసలు దారి మీరు భయపడుతున్నంత పొడుగేమీ కాదు. దేశమంతటా 20 గంటల క్లాసులు తప్పనిసరి, న్యూజెర్సీ చట్టాల మీద ఇంకో 4 గంటలు. ఆన్‌లైన్‌లో చేయొచ్చు. తర్వాత పరీక్ష, 120 ప్రశ్నలు, 190 నిమిషాలు, 75 శాతం రావాలి. తప్పితే 30 రోజులు ఆగి మళ్లీ రాయాలి, వరసగా మూడుసార్లు తప్పితే 180 రోజులు ఆగాలి. మీ నాలుగేళ్ల అనుభవం లెక్కల దగ్గర పనికొస్తుంది కానీ ప్రశ్నలు అమెరికా చట్టాలు, అక్కడి లోన్ల పద్ధతుల మీద ఉంటాయి, రెస్పా, టీలా లాంటి ఇంటి లోన్ల చట్టాలు మీకు పూర్తిగా కొత్త, కాబట్టి "నాకు హోమ్ లోన్లు తెలుసుగా" అని తేలిగ్గా తీసుకోకండి. వేలిముద్రలు, క్రెడిట్ రిపోర్టు కూడా చూస్తారు. లైసెన్సు వచ్చాక ఏటా కనీసం 8 గంటల క్లాసులు ఉంటాయి. వాటిని వేరేవాళ్లతో చేయించుకున్న 400 మందికి పైగా లోన్ ఆఫీసర్లు 2022లో 40కి పైగా రాష్ట్రాలతో సెటిల్‌మెంట్ చేసుకుని, జరిమానా కట్టి, మూడు నెలలు లైసెన్సు వదులుకోవాల్సి వచ్చింది. "మీ బదులు మేం చేసిపెడతాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

చదువుకుంటూనే సంపాదించాలంటే, ఏదైనా లైసెన్సున్న కంపెనీలో జీతం మీద లోన్ ప్రాసెసర్‌గా చేరండి. కాగితాలు సేకరించి సరిచూసే ఆ పనికి, పైన లైసెన్సున్నవాళ్లు చూసుకుంటున్నంతవరకు, ఈ లైసెన్సు అక్కర్లేదు. మీరు విజయవాడలో చేసింది దాదాపు అదే. ఇంకో దారి బ్యాంకులు. బ్యాంకు ఉద్యోగులకు ఈ పరీక్ష ఉండదు, ఎన్‌ఎంఎల్‌ఎస్‌లో రిజిస్టర్ చేస్తే చాలు. నన్నడిగితే మీకు ముందు బ్యాంకే మేలు. బ్రోకర్ ఆఫీసుల్లో చాలాచోట్ల కమీషనే ఆదాయం, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి కొన్ని నెలలు చేతికేమీ రాకపోవచ్చు, ఆ టెన్షన్ ఇంట్లో అందరి మీదా పడుతుంది.

ఈఏడీ గడువు తేదీ మాత్రం ఎప్పుడూ కళ్లముందు పెట్టుకోండి. అది అయిపోతే, లైసెన్సు చేతిలో ఉన్నా పని ఆపాల్సిందే. క్లాసులకి డబ్బు కట్టేముందే ఆ తేదీ చూసి లెక్కేసుకోండి.

ఆ బ్రోకర్‌కి మర్యాదగా "లైసెన్సు వచ్చాక మాట్లాడతానండీ" అని చెప్పండి. ఇకమీదట ఎవరి దగ్గర చేరాలన్నా ముందు ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్స్యూమర్ యాక్సెస్ సైట్‌లో వాళ్ల పేరు కొట్టి చూడండి, ఏ రాష్ట్రాల్లో లైసెన్సు ఉందో ఉచితంగానే కనిపిస్తుంది.