హైదరాబాద్ మిద్దె మీద ఫైకస్ బోన్సాయ్: తీగ ఎప్పుడు చుట్టాలి, ఎప్పుడు విప్పాలి, నలుగురికి ఎలా నేర్పాలి

మీరు అడిగినవి మూడు. నర్సరీలో కొన్న రెండడుగుల ఫైకస్‌కి (మర్రి, రావి జాతి మొక్క) ఆకారం ఎలా తేవాలి? పుస్తకాల్లో రాసినట్టు ఫిబ్రవరిలోనే పనంతా చేసెయ్యాలా? అపార్ట్‌మెంట్‌లో ఆసక్తి ఉన్న ఏడెనిమిది మందికి ఎలా నేర్పాలి? రెండోదానితో మొదలుపెడతాను. మన ఊళ్లో బోన్సాయ్ మొక్కలు ఎక్కువగా పోయేది చెయ్యకూడని నెలలో పని పెట్టుకోవడం వల్లే.

ఆ పుస్తకాలు పైన్, జూనిపర్, మేపుల్ లాంటి చెట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అవి చలికాలమంతా నిద్రపోయి వసంతంలో లేస్తాయి కాబట్టి, చివురు వేసే ముందు వేర్లు కత్తిరిస్తారు. ఫైకస్‌కి అలాంటి నిద్ర లేదు. దానికి వేడీ తేమా కలిసి ఉన్నప్పుడే ఊపు వస్తుంది. ఫిబ్రవరిలో వేర్లు కోస్తే కొత్తవి కుదురుకునేలోపే ఏప్రిల్, మే ఎండలు మీద పడతాయి. 40 డిగ్రీల ఎండలో మిద్దె మీది పలచటి కుండీలో సన్న వేర్లు మాడిపోతాయి. అందుకే కుండీ మార్చడం, వేర్లు కత్తిరించడం రెండూ తొలకరి పడ్డాక, జూన్ మధ్య నుంచి జులై చివరి లోపు పెట్టుకోండి. కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టడానికీ జూన్ నుంచి సెప్టెంబర్ వరకే మంచి కాలం. డిసెంబర్, జనవరిల్లో పెరుగుదల మందగిస్తుంది, కోతలు త్వరగా మానవు. ఎండాకాలంలో 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు పోస్తే చాలు, కత్తెర పట్టుకోవద్దు.

కొనేటప్పుడే ఒక సంగతి చూసుకోవాలి. పాములా మెలికలు తిప్పి అమ్మే మొక్కల్లో ఆ వంపులన్నీ ఒకే కొలతలో, ఒకే తలంలో ఉంటాయి. ఆ మాను ముదిరాక ఇక మార్చలేం. వాటికంటే మొదలు లావుగా ఉండి, కింద వేర్లు నలువైపులా విచ్చుకుని, మట్టికి దగ్గర్లో కొమ్మలున్న మామూలు మొక్క ఎంతో నయం. నర్సరీ కవర్‌లో పైమట్టిని రెండంగుళాలు వేలితో తీసి చూడండి. అసలు వేర్ల విస్తరణ చాలాసార్లు ఆ కిందే దాగి ఉంటుంది. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు వెళ్తే ఒకే రకంలో చాలా మొక్కలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ఇక ఆకారం. కత్తెర తీసే ముందు మొక్కను కంటి ఎత్తులో పెట్టి చుట్టూ తిప్పి చూడండి. వేర్లు వెడల్పుగా కనిపించే వైపు, మాను వంపు తెలిసే వైపు ముందు భాగం అవుతుంది. కొత్తవాళ్లకు మొయోగి, అంటే మెలి తిరుగుతూ నిటారుగా లేచే పద్ధతి, ఫైకస్‌కి బాగా కుదురుతుంది. గట్టి నిటారు రూపమైన చొక్కన్ చూడటానికి తేలిక, కానీ అందులో చిన్న లోపం కూడా దాగదు. జలపాతంలా కిందికి వాలే కెంగాయ్‌ని రెండో మూడో మొక్కకు ఉంచుకోండి, ఎందుకంటే ఫైకస్ బలమంతా పైకొసకే పోతుంది, కిందికి వంచిన కొస నీరసించిపోతుంది.

మొదటి కొమ్మ మొత్తం ఎత్తులో సుమారు మూడో వంతు దగ్గర ఉండాలి. వంపు లోపలి వైపు నుంచి వచ్చిన కొమ్మలు తీసెయ్యండి, వంపు బయటి వైపువి ఉంచండి. ఒకే ఎత్తులో ఎదురెదురుగా రెండు కొమ్మలుంటే ఒకటి పోవాలి, లేకపోతే కొన్నేళ్లలో అక్కడ మాను ఉబ్బి బుడిపె కడుతుంది. వెనక్కి వెళ్లే కొమ్మ ఒకటైనా తప్పక మిగల్చండి. అది లేకపోతే చెట్టు గోడకు అతికించిన బొమ్మలా పల్చగా కనిపిస్తుంది. ఏది ఉంచాలో తేలకపోతే ఆ కొమ్మకు గుడ్డపీలిక కట్టి వారం ఆగి మళ్లీ చూడండి. కోస్తే కారే పాలను తడిగుడ్డతో ఒత్తితే ఆగిపోతాయి. అవి చర్మానికి దురద పుట్టిస్తాయి, చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దు.

తీగ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి ఏడాది మెత్తటి అల్యూమినియం తీగ చాలు, రాగి జోలికి పోవద్దు. కొమ్మ లావులో మూడో వంతు మందం, కొమ్మ పొడవుకు ఒకటిన్నర రెట్లు పొడవు తీసుకోండి. రెండడుగుల మొక్కకు 1.5, 2.5, 4 మిల్లీమీటర్ల తీగలు సరిపోతాయి. తూకం మీద కొంటే 100 గ్రాములకు 1.5 మిల్లీమీటర్లది సుమారు 21 మీటర్లు, 2.5 ది ఏడున్నర మీటర్లు, 4 ది 3 మీటర్లు వస్తుంది. ఒకే తీగతో దగ్గర్లోని రెండు కొమ్మలు చుట్టాలి, ఆ రెంటి మధ్య మానుకు కనీసం ఒకటిన్నర చుట్టు పడాలి. ఆ చుట్టు లేకపోతే ఒక కొమ్మ వంచినప్పుడు రెండోది లేస్తుంది. చుట్లు 45 డిగ్రీల వాలులో, సమాన దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే పట్టు ఉండదు, మరీ దూరమైతే కొమ్మ మధ్యలో విరుగుతుంది. బెరడుకు ఆనాలి, నొక్కుకోకూడదు. కిందికి వంచబోయే కొమ్మకు, అది మానుతో కలిసే చోట తీగ కొమ్మ పైనుంచి రావాలి, ఎప్పుడైనా వంపు బయటి వైపున తీగ ఉంటేనే కొమ్మ చీలదు. వంచేటప్పుడు రెండు బొటనవేళ్లు వంపు లోపలి వైపు ఆనించి నెమ్మదిగా వంచండి. పని మొదలుపెట్టే ముందు రోజు నీళ్లు తగ్గిస్తే కొమ్మలు కొంచెం మెత్తబడతాయి.

బొటనవేలంత లావు కొమ్మను తీగ చుట్టి వంచాలని చూడకండి. సన్న తీగతో కిందికి లాగి కుండీ అంచుకు కట్టండి. కొమ్మకు తగిలే చోట సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబ్ ముక్క తొడిగితే బెరడు తెగదు.

ఎక్కువ మంది దెబ్బతినేది విప్పే దగ్గర. వానాకాలంలో ఫైకస్ ఎంత వేగంగా లావెక్కుతుందంటే నాలుగు నుంచి ఆరు వారాల్లో తీగ బెరడులోకి దిగుతుంది. ఆ మచ్చలు ఏళ్ల తరబడి పోవు. మూడో వారం నుంచి వారానికోసారి చూడండి. తీగ కొంచెం బిగువుగా కనిపిస్తే ఆ రోజే తియ్యాలి. వెనక్కి తిప్పి విప్పొద్దు, ఒక్కో చుట్టునూ కట్టర్‌తో కత్తిరించి తియ్యండి. కొమ్మ మళ్లీ లేస్తే వేరే దారిలో మళ్లీ చుట్టండి, రెండు మూడు సార్లు పట్టడం మామూలే.

మీ దగ్గర చింత, కాగితంపూల మొక్కలు కూడా ఉన్నాయన్నారు. వాటికి తీగ కన్నా కత్తెరే మేలు. ఆరేడు ఆకులు పెరగనిచ్చి రెండు మూడు ఆకుల దగ్గర కొయ్యండి. ఏ దిక్కుకు కొమ్మ కావాలో ఆ దిక్కున మొగ్గ ఉన్న ఆకు పైనే కోత పడాలి. కాగితంపూల ముదురు కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఆకారం తెచ్చిన సీజన్‌లోనే వేర్లు కోయకండి. ఒక వానాకాలం తీగ, తర్వాతి వానాకాలం కుండీ. అప్పుడు మూడో వంతుకు మించి వేర్లు తియ్యొద్దు. మట్టికి సగం ఇటుక ముక్కలు (2 నుంచి 6 మిల్లీమీటర్లవి, పొడి జల్లెడ పట్టి తీసేసి), 30 శాతం ముతక ఇసుక, 20 శాతం వర్మీకంపోస్ట్ బాగుంటుంది. మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే ఒకటి రెండు వానలకే గడ్డకట్టి వేర్లకు గాలి అందదు. కొత్త కుండీలో మొక్కను తీగతో కదలకుండా కట్టి, నాలుగైదు వారాల వరకు ఎరువు వెయ్యకండి.

నీళ్ల గురించి ఒక మాట. బోరు నీళ్లతో కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుని, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు తిరిగితే, అది నీటి క్షారగుణం వల్ల ఇనుము అందకపోవడం. వాన నీళ్లు పట్టి వాడండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు అసలు పొయ్యొద్దు, లవణాలన్నీ అందులోనే పోగవుతాయి. కొత్త ఆకులు దొప్పల్లా మడుచుకుంటే లోపల తామర పురుగులుంటాయి, ఆ ఆకులు తుంచి కవర్‌లో కట్టి పారెయ్యండి. తీగ కింద తెల్లటి దూది కనిపిస్తే పిండినల్లి.

నేర్పడానికి వచ్చేసరికి, ఏడెనిమిది మందికి మించి ఒక్కరే చూసుకోలేరు, అంతకన్నా పెంచకండి. మొదటి రోజు ఎవరి చేతికీ ప్రాణమున్న మొక్క ఇవ్వకండి. కాలనీలో కొట్టేసిన వేప, జామ కొమ్మలు తెచ్చి, మనిషికి రెండు మీటర్ల 2.5 మిల్లీమీటర్ల తీగ ఇచ్చి చుట్టించండి. వాలు, దూరం చేతికి పట్టాక విరిగేదాకా వంచమనండి. ఎక్కడ ఫటక్ మంటుందో చేతికే తెలియాలి, మాటలతో చెబితే ఎక్కదు. రెండో రోజు అందరూ ఒకే రకం, ఒకే సైజు ఫైకస్ తెచ్చుకోవాలి. రకాలు వేరైతే తేడా మొక్కదా చేతిదా అన్నది ఎవరికీ అర్థం కాదు. కొయ్యబోయే ప్రతి కొమ్మకూ ఎందుకు కోస్తున్నారో పైకి చెప్పించండి, పక్కవాళ్లు అడ్డు చెప్పొచ్చు.

రావి, జువ్వి, మర్రి గోడ పగుళ్లలో ఊరికే దొరుకుతాయి. తొలకరి తర్వాత తీసి, ఆకులు సగం తుంచి, ముతక ఇసుకలో నీడన పెడితే బతుకుతాయి. అయితే రావిని ఇంట్లో పెంచడం ఇష్టం లేని కుటుంబాలు ఉంటాయి, ఎవరికైనా ఇచ్చే ముందు అడిగి ఇవ్వండి. మూడో సమావేశాన్ని రెండో దాని నుంచి సరిగ్గా నాలుగు వారాలకు పెట్టండి, అప్పటికి చుట్టిన తీగలు విప్పాల్సి వస్తుంది కాబట్టి కట్టర్లు తెచ్చుకోమని ముందే చెప్పండి.