కల్లంలో కంట్లో పడిన పొట్టు: కార్నియా డాక్టర్ జవాబులు

వరి కోతలు మొదలైతే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కంటి దెబ్బలవే ఎక్కువ. ఈసారి నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఏమీ అనుకోకండి. దాని అవసరం అలాంటిది.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా నాన్నకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. మొన్న కల్లంలో వడ్లు తూర్పారబడుతుంటే కుడి కంట్లో పొట్టు పడింది. ఊళ్లో ఒకామె నాలుకతో తీసింది. మర్నాటికి కన్ను ఎర్రబడితే మందుల షాపులో చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉందన్నాడు. తర్వాత నొప్పి మొదలైంది. ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనబడుతోంది. పువ్వు వేసిందని, ఆకుపసరు పోయమని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. టౌన్‌లో కంటి డాక్టర్ చూసి పుండు పడిందని, గీరి పరీక్ష చేయాలని అన్నారు. కన్ను గీరితే ఉన్న చూపు కూడా పోతుందని నాన్న భయపడి ఇంటికి వచ్చేశాడు. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా)

జవాబు: అమ్మా, సంచిక అచ్చయ్యే దాకా ఆగే విషయం కాదు కనుక మీరు రాసిన నంబరుకు ముందే ఫోన్ చేసి మాట్లాడాను. అయినా ఇక్కడ రాస్తున్నాను. ఇదే కథ కోతల రోజుల్లో మా ఓపీలో మళ్లీ మళ్లీ వింటాను. ఊరు మారుతుంది, పొట్టు బదులు వరి ఆకో చెరకు ఆకో అవుతుంది, అంతే.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాగా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపు మసకబారేది. పైపొర బాగున్నంతకాలం సూక్ష్మజీవులు లోపలికి చొరబడటం కష్టం. పొట్టు కొన గీసుకున్నప్పుడు ఆ పైపొర లేచిపోతుంది. పొట్టు మీద, ఆకుల మీద, మట్టిలో ఉండే బూజు ఆ గాయం గుండా లోపలికి దిగుతుంది. మన పొలాల్లో కంటి పుండ్లకు తరచూ కారణమయ్యేవి ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు రకాల బూజులు. నాలుకతో నలక తీసే పద్ధతి వల్ల నోట్లోని బాక్టీరియా కూడా తోడవుతుంది. ఆమె మంచి మనసుతోనే చేసి ఉంటుంది. కానీ నలకకు ధారగా పోసే శుభ్రమైన నీళ్లు చాలు. నీళ్లకు రాని నలకను కంటి డాక్టరే తీయాలి.

ఇక ఆ చుక్కల మందు. ఫోన్‌లో మాట్లాడినప్పుడు మిమ్మల్ని ఆ సీసా మీది చిన్న అక్షరాలు చదవమన్నాను. 'డెక్సామెథసోన్' అని చదివారు. అది స్టెరాయిడ్. అలాంటివే బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్. ఒక్కోసారి యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తాయి కనుక పేరు చూసి పోల్చుకోలేం, లోపలి మందుల జాబితా చదవాలి. స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణచివేస్తుంది. అందుకే మీ నాన్నగారికి రెండు రోజులు హాయిగా అనిపించింది. కానీ ఆ ఎరుపు కన్ను చేస్తున్న పోరాటం. దాన్ని ఆపేస్తే బూజుకు అడ్డు చెప్పేవాళ్లు లేక అది లోతుకు పాకుతుంది. ఎర్రబడిన కన్ను స్టెరాయిడ్‌తో తెల్లబడితే జబ్బు తగ్గినట్టు కాదు. ఈ మాట ప్రతి మందుల షాపు కౌంటర్ మీద అంటించాలని నా కోరిక. అదే మందును మేమూ వాడతాం, కానీ లోపల ఏముందో తెలుసుకున్న తర్వాత, రోజుల లెక్కన చూసుకుంటూ వాడతాం.

మీ నాన్నగారిని భయపెట్టిన గీరే పరీక్ష గురించి వివరంగా చెబుతాను. ఆయనకు చదివి వినిపించండి. ముందు కంట్లో తిమ్మిరి చుక్కలు వేస్తారు, నిమిషంలో స్పర్శ పోతుంది. స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని ముందు గడ్డం ఆనించి కూర్చోవాలి. ఫ్లోరెసిన్ రంగు కాగితాన్ని రెప్పకు తాకించి నీలి కాంతిలో చూస్తే పుండు ఉన్నంత మేర ఆకుపచ్చగా మెరుస్తుంది. దాంతో పుండు ఎంత వెడల్పో కొలుస్తాం. తర్వాత సన్నని బ్లేడుతో పుండు అంచునుంచి, అడుగునుంచి కొద్దిగా గీరి గాజు పలక మీద రాస్తాం. మంచి కార్నియా జోలికి వెళ్లం. గీరడం వల్ల పుండులోని మురికి కొంత పోయి మందు లోపలికి బాగా దిగుతుంది కూడా. పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే బూజు దారాలు చాలాసార్లు అక్కడికక్కడే కనబడతాయి. మిగతా గీరుడును కల్చర్‌కు పంపుతాం. బూజు పెరగడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు.

పుండును చూసి కొంత ఊహించవచ్చు. అంచులు ఈకల్లా విరజిమ్మి, పైన పొడిగా, పక్కన చిన్న చుక్కలు ఉంటే బూజని అనుమానిస్తాం. కానీ స్టెరాయిడ్ పడిన కంట్లో ఆ గుర్తులు చెరిగిపోతాయి. పరీక్ష తప్పనిసరి అనడం అందుకే. బాక్టీరియాకు వేసే మందు బూజుకు పనిచేయదు.

బూజని తేలితే మొదట వాడేది నాటమైసిన్ 5 శాతం చుక్కలు. 2013లో మధురై అరవింద్ కంటి ఆసుపత్రి పాలుపంచుకున్న ఒక పెద్ద పరిశోధన వెలువడింది. అందులో 323 మందిని రెండు జట్లుగా చేసి నాటమైసిన్‌ను, అంతకన్నా కొత్తదైన వొరికోనజోల్‌ను పోల్చి చూశారు. పాతదే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యుసేరియం విషయంలో. మొదటి రోజుల్లో మేలుకున్నంతసేపూ గంటకోసారి వేయాలి. సీసాను ప్రతిసారీ బాగా కుదపాలి, లేకుంటే మందు అడుగున ఉండిపోయి పై నీళ్లే కంట్లో పడతాయి. ఈ మందు పుండు మీద తెల్లగా పొడిలా అంటుకుంటుంది. చాలామంది తెలుపు పెరిగిందని హడలిపోయి మందు ఆపేస్తారు. మీరు ఆపకండి. నొప్పి తగ్గడం, పుండు అంచులు గుండ్రబడటం మంచి సూచనలు. మానడానికి వారాలు పడుతుంది. మందులకు లొంగకపోయినా, కార్నియాకు చిల్లు పడేలా ఉన్నా కార్నియా మార్పిడి చేసి కన్ను కాపాడతారు.

పువ్వు మాటకొస్తే, పుండు మానాక మిగిలే మచ్చ అది. నల్లగుడ్డు మధ్యలో ఉంటే చూపును అడ్డుకుంటుంది. ఆకుపసరు, ఆముదం, తల్లిపాలు దాన్ని కరిగించలేవు, పైగా కొత్త క్రిములను మోసుకొస్తాయి. మచ్చ సంగతి కన్ను శాంతించాక కొన్ని నెలలకు చూసుకోవచ్చు. ప్రస్తుతం కంటికి కట్టు కట్టకండి, షుగర్ అదుపులో పెట్టండి, ఆ డాక్టర్ దగ్గరికే తిరిగి వెళ్లండి. ఆయన చెప్పింది సరైన మాట.

ఇంకో సంగతి. నేపాల్‌లోని భక్తపూర్‌లో పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, కార్నియా గీసుకున్నవాళ్లను వెంటనే గుర్తించి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు వేయించారు. దెబ్బ తగిలిన 48 గంటల్లోపు వచ్చినవాళ్లలో పుండ్లను చాలావరకు నివారించగలిగారు. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. మన ఆశా కార్యకర్తలకూ ఈ శిక్షణ ఇస్తే ఎన్ని కళ్లు దక్కుతాయో! అప్పటిదాకా, తూర్పారబట్టేటప్పుడు మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాలైనా పెట్టుకోండి.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. తాతగారి సున్నం ప్యాకెట్ నొక్కుతుంటే పగిలి ఎడమ కంట్లో చిమ్మింది. అప్పుడు తుడిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాలుగు నెలలైంది. నల్లగుడ్డంతా తెల్లబడి ఎర్రటి నరాలు పాకాయి. దానం చేసిన కన్ను పెడితే చూపు వస్తుందా?
(ఒక తల్లి, విజయనగరం జిల్లా)

జవాబు: అమ్మా, బాబుకు తప్పక చేయగలిగింది ఉంది. కానీ నేరుగా కార్నియా మార్చడం మొదటి మెట్టు కాదు.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి. కార్నియా పైపొరను జీవితాంతం కొత్తగా తయారు చేసేవి అవే. సున్నం క్షారం. అది కణజాలాన్ని కరిగిస్తూ లోపలికి పోతుంది, ఆ అంచును కాల్చేస్తుంది. కాపలాగా ఉన్న ఆ అంచు పోవడంతో తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది. బాబు కంట్లో కనబడేది అదే అయి ఉండాలి. ఈ స్థితిలో కొత్త కార్నియా పెడితే దాని పైపొర నిలవదు.

దీనికి హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రూపొందించిన పద్ధతి ఒకటుంది. దాన్ని 2012లో ప్రచురించారు. పేరు స్లెట్. బాగున్న రెండో కంటి అంచునుంచి రెండు మిల్లీమీటర్లంత ముక్క తీసుకుంటారు. దెబ్బతిన్న కంటి మీది పొరను తొలగించి, ఉమ్మనీటి సంచి పొర పరుస్తారు. ఆ చిన్న ముక్కనే మరీ చిన్న ముక్కలుగా కోసి దాని మీద జిగురుతో అంటిస్తారు. అవి పెరిగి కొత్త పైపొర కప్పుతాయి. బాబు రెండో కన్ను బాగుందని డాక్టర్ నిర్ధారించుకున్నాకే చేస్తారు. లోపలి పొరల్లో మచ్చ మిగిలితే తర్వాత కార్నియా మార్పిడి గురించి ఆలోచిస్తారు. పిల్లల్లో వాడని కంటికి మెదడు చూపు నేర్చుకోవడం మానేస్తుంది, అందుకే పెద్దయ్యాక చూద్దామని వాయిదా వేయవద్దు. కార్నియా నిపుణులతో పాటు పిల్లల కంటి డాక్టర్ కూడా ఉన్న చోటికి వెళ్లండి.

ఇది చదివే మిగతావాళ్లకు: కంట్లో సున్నం పడితే తుడవకండి, ఆసుపత్రికి పరుగెత్తేముందు కుళాయి కింద పెట్టండి. కనీసం అరగంట కడగాలి. పిల్లవాడు గింజుకుంటాడు, ఇద్దరు పట్టుకోండి. పై రెప్ప లోపల సున్నం ముక్కలు ఇరుక్కుంటాయి, అవి ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉంటాయి. ఆసుపత్రిలో రెప్ప తిప్పి తీస్తారు. నిమ్మరసం లాంటివి పోయకూడదు. సున్నం ప్యాకెట్లను మందులతో పాటు బీరువా పైఅరలో పెట్టండి.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేస్తాను. అద్దం లేకుండా చేసిన రోజు అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు భరించలేని నొప్పి. మా షెడ్‌లో ఒక సీసా ఉంది, చుక్క వేస్తే నిమిషంలో హాయి. రోజూ వాడొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ సీసా పారేయండి. అది తిమ్మిరి మందు అయి ఉంటుంది, పరీక్షలప్పుడు మేము వేసేది. రోజూ వేస్తే కార్నియా పైపొర మానకుండా కరిగి పెద్ద పుండు అవుతుంది, కన్నే పోవచ్చు. వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు పైపొరను కాలుస్తాయి, నొప్పి కొన్ని గంటల తర్వాత తెలుస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే మానుతుంది. అంతవరకు నొప్పి మాత్ర, డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ చాలు. ఇనుప రజను గుచ్చుకుంటే పిన్నుతో తీయించుకోకండి, చుట్టూ తుప్పు వలయం మిగులుతుంది. సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్క తగిలి ఉంటే, నొప్పి లేకపోయినా అదే రోజు చూపించుకోండి. అది కంటి లోపలికి దూరి ఉండవచ్చు.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. షుగర్ ఉంది, రెండు కళ్లకూ శుక్లం ఆపరేషన్ అయింది. నేత్రదానం చేయగలనా? ముఖం వికారమవుతుందని మా పిల్లలు ఒప్పుకోవడం లేదు.
(ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం)

జవాబు: చేయవచ్చు మేడమ్. శుక్లం ఆపరేషన్‌లో మార్చింది లోపలి లెన్స్‌ను, మాకు కావలసింది కార్నియా. షుగర్, బీపీ, కళ్లద్దాలు అడ్డు కావు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ లాంటివి ఉంటే తీసుకోరు, అందుకే రక్తపరీక్ష కూడా చేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల కార్నియా వరకే తీస్తున్నారు, రెప్పలు మూస్తే ఏ తేడా తెలియదు. పిల్లలకు ఈ మాట చెప్పండి. మీరు సంతకం చేసిన కార్డున్నా చివరికి ఫోన్ చేయాల్సింది, ఒప్పుకోవాల్సింది వాళ్లే. ఆరు గంటల్లోపు తీయాలి. సిబ్బంది వచ్చేదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేయాలి. ఎవరికి అమర్చారో పేరు చెప్పరు. దగ్గరి ఐ బ్యాంక్ నంబరు ఇప్పుడే పిల్లల ఫోన్లలో సేవ్ చేయించండి.